తలుపు దగ్గర అర సెకను

మూడు గంటలకు అత్తగారిని ఎడమ పక్క నుంచి కుడి పక్కకు తిప్పి, వీపు వెనక దిండు దూర్చి, మోకాళ్ళ మధ్య ఇంకో చిన్న దిండు పెట్టి, దుప్పటి ముడతలు లాగింది కోడలు. పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయని ఆసుపత్రి నర్సు చెప్పి మూడున్నరేళ్ళయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో గడియారం గంటలు చెప్పడం మానేసింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటుంది, అంతే.

కోడలిది ఇంట్లోనే కుట్టుపని. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకు కుట్లు విప్పడం, చిక్కినవాళ్ళకు మళ్ళీ వెయ్యడం. మిషను అత్తగారి మంచం కాళ్ళ దగ్గరే ఉంటుంది. మొగుడు సరుకు లారీలతో దూరాలు తిరిగే మనిషి. నెలకు ఐదారు రోజులు ఇంట్లో ఉంటాడు, ఉన్నన్ని రోజులూ పడుకుంటాడు. అతన్నీ అనడానికి లేదు. ఆ ఇంట్లో అందరూ అలిసిపోయినవాళ్ళే, ఒకరి అలసట ఒకరికి అప్పగించే వీలు లేక ఎవరిది వాళ్ళే మోస్తున్నారు.

ఆడపడుచు వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పింది. నలభై రెండేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, అయినా పుట్టింట్లో ఇప్పటికీ పాపాయే. పాపాయికి నడుం నొప్పి. తల్లి దగ్గర కూర్చోగలదు, చెంచాతో నీళ్ళు పట్టగలదు, ఒక్కతే పక్క మార్చలేదు. అందుకని కోడలికి దొరికే ఆదివారం సరిగ్గా రెండు గంటలు. ఒక పక్కకీ రెండో పక్కకీ మధ్య ఉన్నంత.

"ఇవాళ తేలిపోతుందట కదా వదినా?" అంది పాపాయి, బ్యాగు కుర్చీకి తగిలిస్తూ.

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. పోయిన వారం. ఆ సీరియల్‌లో గొంతు ఇచ్చినావిడే వస్తోందని చెప్పావుగా. ఇంక ఆవిడ చెప్పాక తేలకేం?"

"తేలుతుందేమో."

"అయితే ఈ వారంతో సరి అన్నమాట."

కోడలు చెప్పులు వేసుకుంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందనే ఆమె నమ్మకం. మూడేళ్ళుగా వెళ్ళేటప్పుడు "ఇవాళైనా తేలుతుందా?", వచ్చాక "తేలిందా?" అని రెండు ప్రశ్నలు. చెవిలో జోరీగలా. కానీ అనే హక్కు పాపాయికి ఉంది. ఒప్పందం అలాంటిది మరి.

ఆ ఒప్పందం చేసుకున్నది కోడలే. తనకోసం ఏదైనా అడగడం ఆ మనిషికి చేతకాదు. 'నాకు ఊపిరాడడం లేదు, వారానికి రెండు గంటలు నన్ను వదిలెయ్యండి' అనే మాట గొంతు దాకా వచ్చేది, పెదవి దాటేది కాదు. అందుకని ఒకరోజు వంకరదారి పట్టింది. లైబ్రరీలో టీవీ సీరియల్ మీద ఒక వాదన నడుస్తోంది, అది తేలేదాకా ఆదివారాలు కాసేపు అమ్మ దగ్గర కూర్చుంటావా, తేలగానే మానేస్తాను అంది. పాపాయి సరేనంది. నెల పడుతుందని ఇద్దరూ అనుకున్నారు. అభిమానుల సంగతి ఇద్దరికీ తెలియదు.

ఆ సీరియల్ పేరు 'మూడో నిన్న'. ఏదో పరాయి భాషలో తీసి, మన మాటలు అతికించింది. గదిలో ఏదో ఒక గొంతు వినిపిస్తూ ఉండడం రోగికి మంచిదని నర్సు అనడంతో కోడలు టీవీ వేసేది. అత్తగారు నిద్రపోయేది, కోడలు జిప్పులు కుడుతూ చూసేది. ఒక పరిశోధనశాలలో కాలంలోకి వెళ్ళే తలుపు ఉంటుంది. ఆ తలుపు తీసి వేసే పని 'సహాయకి' అనే యంత్రానిది. మొహం లేదు, ఒళ్ళు లేదు, ఆడగొంతు మాత్రం ఉంటుంది. రెండో భాగం పదకొండో ఎపిసోడ్‌లో ఒక డాక్టరు, చనిపోయిన కూతురిని బతికించుకోవడానికి గతంలోకి బయల్దేరతాడు. వెళ్ళినవాడు తిరిగి రాడు. అతను బయల్దేరేటప్పుడు సహాయకి రెండే మాటలు అంటుంది: "మీరు వెళ్ళండి. తలుపు నేను వేస్తాను."

ఆ రెండు మాటల మధ్య అర సెకను ఖాళీ ఉంది. ఖాళీ తర్వాత గొంతు కాస్త బరువెక్కుతుంది. మూడేళ్ళ గొడవంతా ఆ అర సెకనుది.

లైబ్రరీ పై గదిలో పంతొమ్మిది కుర్చీల్లో ఆమెది తప్ప అన్నీ అప్పటికే నిండాయి. ఆదివారం లైబ్రరీకి సెలవు. తాళంచెవి లైబ్రేరియన్ దగ్గర ఉంటుంది, లైబ్రేరియన్‌కు ఈ పిచ్చి ఉంది, అందుకని ఆదివారాల్లో గది వీళ్ళది. గోడకున్న తెల్లబోర్డు మీద ప్రశ్నలు రాసి ఉంటాయి. తేలిన ప్రశ్న మీద ఎర్రగీత కొట్టి తారీఖు వేస్తారు. ఎర్రగీత పడ్డ ప్రశ్నను మళ్ళీ ఎత్తకూడదు, అది ఈ గుంపు పెట్టుకున్న నియమం. ఎవరి ఇంట్లోనూ ఇంత క్రమశిక్షణ ఉండదు. నలభై ఒక్క ప్రశ్నలకు గీత పడింది. నలభై రెండోది మాత్రం మూడేళ్ళుగా బోర్డు మీద అలాగే ఉంది: తలుపు దగ్గర సహాయకి ఎందుకు ఆగింది?

"రావమ్మా జిప్పులక్కా!" అన్నారు మాస్టారు. మొదటి రోజే ఆయన సంచి జిప్పు బాగు చేసిపెట్టినందుకు ఆమెకు దక్కిన బిరుదు అది. లెక్కల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అర సెకను అని అందరూ అంటారు గానీ, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచి అది అర సెకను కన్నా కాస్త ఎక్కువేనని తేల్చింది ఆయనే.

మాస్టారిది కాలం పార్టీ. ఆయన లెక్క ప్రకారం కథంతా ఒక చక్రం. డాక్టరు ప్రతిసారీ వెళతాడు, ప్రతిసారీ కూతురు పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. సహాయకి ఒక్కటే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు వేల సార్లు అదే తలుపు వేసింది. ఆ అర సెకనులో అది ఎన్నోసారో లెక్క చూసుకుంటోంది.

రెండో పార్టీకి నాయకురాలు పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ ఎవరినైనా నోరు తెరిపించగలదు, తన నోరు మాత్రం ముయ్యదు. యంత్రానికి మనసు పుట్టింది, ఆ డాక్టరు మీద ప్రేమో జాలో కలిగింది, గొంతు పూడుకుపోయింది అంటుంది ఆవిడ.

విశేషమేమిటంటే, అసలు భాషలో ఆ ఖాళీ లేదు. ఒకసారి లైబ్రేరియన్ ఎక్కడో సంపాదించి వినిపించాడు. రెండు మాటలూ గడగడా అనేస్తుంది యంత్రం. మామూలు మనుషులైతే అక్కడితో దుకాణం కట్టేసేవాళ్ళు. వీళ్ళు కట్టలేదు. రహస్యం బయటపడుతుందని కంపెనీవాళ్ళు అసలుదానిలో ఆ ముక్క కత్తిరించేశారు, మన భాషలో కత్తిరించడం మరిచిపోయారు, కాబట్టి మనదే అసలైనది అని రెండు పార్టీలూ కలిసి తీర్మానించాయి. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇక మూడో పార్టీలో ఉన్నది జిప్పులక్క ఒక్కతే. దానికి ఏ మనసూ లేదు, ఏ లెక్కా లేదు, తలుపు వెయ్యాల్సి ఉంది కాబట్టి వేసింది అంటుంది. పదిహేడు మంది మీద ఒక్కతి. ఒకసారి డాక్టరమ్మకు ఒళ్ళు మండి, "నీకసలు గుండె ఉందా జిప్పులక్కా?" అనేసింది. ఆ మాట ఆమెకు ఇంకా పచ్చిగానే ఉంది.

గొంతు ఇచ్చినావిడ దొరికింది కూడా డాక్టరమ్మకే. పన్ను పీకించుకోవడానికి ఒక ముసలావిడ వచ్చిందట. నోరు తెరవండి అంటే, "మీరు కానివ్వండి, నేను తెరుస్తాను" అందట. డాక్టరమ్మ చేతిలో పట్టకారు జారిపోయింది.

ఆవిడే ఇవాళ ముందు వరసలో కూర్చుని ఉంది. అరవై దాటిన సన్నటి మనిషి, మెడకు ఉన్ని గుడ్డ, ఒళ్ళో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. బస్సు కోసం చాలాసేపు నిలబడి వచ్చినట్టుంది. అందరూ ఆవిణ్ణి దేవతను చూసినట్టు చూస్తున్నారు, ఆవిడ మాత్రం ఫ్యాను కిందకు జరగొచ్చా అని అడిగింది.

"ముందు మా మూడు వాదనలూ వినండి. తర్వాత మీరు నిజం చెప్పండి. చెప్పగానే గీత కొట్టేస్తాం," అన్నారు మాస్టారు. ఎర్ర స్కెచ్ పెన్ను ఆయన చేతిలో సిద్ధంగా ఉంది.

ఆయన చక్రం బొమ్మ గీసి చెప్పారు. డాక్టరమ్మ లేచింది. "మాస్టారూ, నాలుగు వేల సార్లు వేసిన తలుపు దగ్గర ఎవరైనా లెక్క కోసం ఆగుతారా? లెక్క దానికి నడుస్తూనే తెలుసు. బాధేసింది కాబట్టి ఆగింది."

"బాధ ఉంటే మొదటిసారే ఆపేసేదిగా తలుపు?"

"మనకు బాధ ఉంటే అన్నీ ఆపేస్తున్నామా?"

"మాటకు మాట కాదు, ఆధారం కావాలి."

వంతు రాగానే జిప్పులక్క కూర్చునే మాట్లాడింది. లేవడానికి ఓపిక లేదు. "నాలుగు వేల సార్లు అంటున్నారు కదా మాస్టారూ. నిజంగా ఒక పని నాలుగు వేల సార్లు చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి పదిసార్లు ఏడుపొస్తుంది. తర్వాత వందసార్లు కోపమొస్తుంది. ఆ తర్వాత ఏమీ రాదు. చెయ్యి దానంతటదే వెళ్తుంది. దాన్ని పట్టుకుని మీరు జ్ఞాపకమంటారు, డాక్టరమ్మ ప్రేమంటారు. ఏమీ కాదు. పని. అంతే."

ముందు వరసలోంచి డబ్బింగావిడ తలతిప్పి ఆమెను చూసింది. తర్వాత, చెప్పేముందు కాస్త గొంతు పుక్కిలించుకోవాలి, కుళాయి ఎక్కడుంది అని అడిగింది. దారి చూపించడానికి జిప్పులక్కే లేచింది.

మెట్ల పక్కన చిన్న వాష్‌బేసిను. డబ్బింగావిడ పుక్కిలించి, మూతి తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్, నువ్వు చెప్పిందే నిజానికి దగ్గర. కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నవ్వొద్దు."

"చెప్పండి."

"ఆ రోజు పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉన్నాను. రెండు ఎపిసోడ్లు అయ్యాయి. మధ్యాహ్నం తిన్నదీ సరిగ్గా లేదు. 'మీరు వెళ్ళండి' అన్నాను. అప్పుడొచ్చింది."

"ఏమొచ్చింది?"

"ఆవలింత."

జిప్పులక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"మింగేశానమ్మా. ఆవలింత మింగితే గొంతు బరువెక్కుతుంది కదా. ఆ బరువుతోనే 'తలుపు నేను వేస్తాను' అన్నాను. మళ్ళీ చెప్తానంటే, రికార్డింగతను బాగానే ఉంది, పదండి తర్వాతది అన్నాడు. అతనికీ ఇంటికెళ్ళే తొందర."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. జిప్పులక్కకు నవ్వు ఆగలేదు. బేసిను అంచు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కడుపు నొప్పెట్టేదాకా నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. డబ్బింగావిడ కూడా చప్పుడు లేకుండా నవ్వింది.

నవ్వు తగ్గాక గెలుపు గుర్తొచ్చింది. పదిహేడు మంది ముందు తనదే నిజమని తేలుతుంది. గుండె ఉందా అని అడిగిన డాక్టరమ్మ మొహం ఎలా మాడుతుందో చూడాలని ఆమెకు నిజంగా, ఆకలేసినంత గట్టిగా అనిపించింది. ఆ వెంటనే ఎర్రగీత గుర్తొచ్చింది. గీత తర్వాత ఇల్లు, ఇంట్లో పాపాయి, 'ఈ వారంతో సరి' అన్న మాట. వచ్చే ఆదివారం మూడు గంటలకు కుడి, ఐదు గంటలకు ఎడమ, మధ్యలో జిప్పులు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

"మీరు ఈ మాట లోపల చెప్పొద్దండీ," అంది.

"అదేమిటి? నువ్వే కదా గెలిచేది!"

"గెలిస్తే నాకు ఆదివారం పోతుంది." ఇక దాచడానికి ఓపిక లేక అంతా చెప్పేసింది. మంచం, పక్కలు, పాపాయి, ఒప్పందం. "ఇంకో మాట కూడా చెప్తాను, ఎవరితోనూ అనలేదు. అత్తగారంటే నాకు ప్రేమేమీ లేదండీ. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ నన్ను సుఖంగా ఉండనివ్వలేదు. ఇప్పుడు టైముకి అన్నీ చేస్తాను, ఒక్కటీ తప్పను. కానీ లోపల ఏమీ లేదు. ఆ యంత్రానికి మనసుందని వీళ్ళంతా అంటుంటే, మరి నాకెందుకు లేదని భయమేస్తుంది. అందుకే ఒప్పుకోను."

డబ్బింగావిడ ఫ్లాస్కు మూత బిగించింది. "నాకు మాత్రం ఆ సహాయకి మీద ప్రేముందా? అదెవరో, కథేమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. కాగితం మీద ఉన్నది చదివాను. అయినా విన్నవాళ్ళు ఏడ్చారట. ఎవరి ఏడుపు వాళ్ళు తెచ్చుకున్నారు." తర్వాత గట్టిగా ఊపిరి పీల్చింది. "నలభై ఏళ్ళుగా ఇంకొకళ్ళు రాసిన అబద్ధాలు చెప్పాను. నీకోసం ఇంకొకటి చెప్తే నా సొమ్మేం పోయింది? పద."

లోపలికి వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చుంది. మాస్టారి స్కెచ్ పెన్ను మూత తీసి ఉంది. పెద్దాయన అప్పటికే బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. అది చూసి జిప్పులక్కకు ఒక్క క్షణం పాపమనిపించింది.

"బాబూ, నాకు ఏమీ గుర్తులేదు," అంది డబ్బింగావిడ. "వందల ఎపిసోడ్లు చెప్పాను. ఆగానంటే ఆగే ఉంటాను. ఎందుకాగానో నాకే తెలియదు."

తేనెతుట్టెను కదిపినట్టయింది గది. చెప్పినావిడకే తెలియకుండా మనసు లోపలి నుంచి వచ్చిందంటే అది భావం కాక మరేమిటి అంది డాక్టరమ్మ. మాటలు చెప్పినావిడకే తెలియదంటే ఆ ఖాళీని పైనుంచి కథ రాసినవాళ్ళు పెట్టించారని అర్థం, అంటే చక్రమే అన్నారు మాస్టారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. గీత పడలేదని విచారించినవాళ్ళు ఒక్కరూ లేరు. మాస్టారు స్కెచ్ పెన్నుకు మూత పెట్టి, వచ్చే వారం కొత్త బొమ్మ గీసుకొస్తానన్నారు.

"మీరేమంటారు జిప్పులక్కా?" అన్నాడు లైబ్రేరియన్.

"మనసూ లేదు, ఏమీ లేదు," అంది ఆమె ఎప్పటిలాగే. పదిహేడు మంది ఒక్కసారిగా ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆమెకు హాయిగా అనిపించింది.

ఐదుకు ఐదు నిమిషాలుండగా ఇల్లు చేరింది. దారి పొడుగునా ఒకే మాట నోట్లో పెట్టుకుని నడిచింది: తేలలేదు, తేలలేదు. అబద్ధమాడడం అలవాటు లేని మనిషికి ఒక్క అబద్ధం పది అబద్ధాల బరువు.

పాపాయి తల దగ్గర నిలబడింది, కోడలు నడుం దగ్గర. ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరూ కలిసి పెద్దావిణ్ణి ఎడమ పక్కకు తిప్పారు. దిండు దూర్చారు. పెద్దావిడ ఏదో గొణిగి కళ్ళు మూసుకుంది.

"తేలిందా వదినా?"

నోట్లో పెట్టుకున్న మాట రాలేదు. అబద్ధానికీ ఓపిక కావాలి. కోడలు మంచం పట్టె మీద చతికిలబడి, "తేలింది," అంది. "ఆవలింతట. ఆవిడకు ఆవలింతొస్తే మింగేసింది. ఇంకేం లేదు. నేనే గెలిచాను. కానీ అందరి ముందూ చెప్పొద్దని నేనే బతిమాలాను. నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలీదు."

పాపాయి నవ్వలేదు. మొహం తెల్లబోయింది. "ఎందుకు బతిమాలావు?"

"తేలితే మానేస్తానన్నానుగా. నాకు మానాలని లేదు పాపాయీ. ఆ యంత్రం ఏమైతే నాకెందుకు? ఈ గదిలోంచి వారానికి రెండు గంటలు బయటపడకపోతే నాకు పిచ్చెక్కుతుంది. మూడేళ్ళ కిందటే ఈ మాట అడగాల్సింది. అడగలేకపోయాను. నువ్వేమో వారం వారం తేలిందా తేలిందా అని పొడుస్తావు. నీకూ విసుగేగా."

పాపాయి వచ్చి పక్కన కూర్చుంది. నడుం పట్టుకుని, మెల్లగా. దుప్పటి లాగి తల్లి పాదాలు కప్పింది.

"పొడవడానికి అడిగానా వదినా నేను? భయమేసి అడిగాను. ఎక్కడ తేలిపోతుందోనని. ఇవాళ పొద్దుటి నుంచీ ముద్ద దిగలేదు నాకు."

"నీకెందుకు భయం?"

"అమ్మను చూసొస్తానంటే మా ఇంట్లో పంపిస్తారనుకున్నావా? కోడలుంది కదా, ప్రతివారం నువ్వెందుకంటారు మా ఆయన. వదినకేదో వాదన ఉంది, అది తేలేదాకా నేను కూర్చోక తప్పదు, మాటిచ్చేశానని చెప్పి మూడేళ్ళుగా నెట్టుకొస్తున్నాను. నీకున్నది రెండు గంటలు. నాకూ ఆ రెండు గంటలే."

కోడలు ఆమె మొహంలోకి చూసింది. మూడేళ్ళలో అంత దగ్గర నుంచి చూడడం అదే మొదలు. కళ్ళ కింద తనకున్న నల్లటి చారలే ఉన్నాయి. ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి పాపాయి లేచి బ్యాగు తీసుకుంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, తల్లికి వినిపించకుండా గొంతు తగ్గించింది.

"మా ఆయన పళ్ళు చూపించుకునేది ఆ డాక్టరమ్మ దగ్గరే. తేలిందన్న మాట ఎక్కడా నోరు జారకు వదినా."